ఆపరేషన్ అయ్యాక చూద్దాంలే!

అమెరికాలో జంతువుల షెల్టర్‌కి వెళ్ళి కుక్కల్ని నడిపించే మా వాలంటీర్లలో తరచుగా వినపడే మాట ఒకటుంది. "వాడికింకా ఆపరేషన్ కాలేదండీ, అందుకే ఆ ఆగడం. అయ్యాక చూద్దాంలే." ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం క్లయింటుకి చెప్పే "తర్వాతి రిలీజ్‌లో సరిచేస్తాం" అన్న మాటకి ఇది సొంత తమ్ముడు.

ఆపరేషన్ కాని కుక్కలు అసలు షెల్టర్లో ఎందుకుంటాయంటారా? వీధిలో దొరికిన కుక్కని, యజమాని వస్తాడేమోనని కొన్ని రోజులు అట్టే పెట్టాలి. ఆ గడువులోగా సాధారణంగా కత్తి పెట్టరు. ఆ తర్వాత డాక్టరు కోసం క్యూ. 2020లో కోవిడ్ మొదట్లో అత్యవసరం కాని ఆపరేషన్లు ఆగిపోయాయి. ఆ బాకీ, దానికి తోడు పశువైద్యుల కొరత, చాలా ఊళ్ళని ఏళ్ళ తరబడి వెంటాడాయి.

ఈలోగా ముప్ఫై కిలోల కుర్ర మగకుక్క ఏం చేస్తుంది? తలుపు తీయగానే మీదికి దూకుతుంది. చొక్కా చేయి పట్టి లాగుతుంది. లీష్ కొరుకుతుంది. నడుం పట్టుకుని ఎక్కబోతుంది. కనపడ్డ ప్రతి స్తంభానికీ కాలెత్తుతుంది. మనవాళ్ళు వీటన్నిటినీ ఒకే గాటన కట్టి "మగబుద్ధి" ఖాతాలో రాసేస్తారు.

1976లోనే కాలిఫోర్నియాలో బెంజమిన్ హార్ట్ బృందం, ఎదిగాక ఆపరేషన్ అయిన 42 మగకుక్కల మీద చేసిన పరిశీలన ప్రచురించింది. ఊరి మీద తిరుగుళ్ళు నూటికి తొంభై కుక్కల్లో తగ్గాయి. మీదెక్కడం, ఇంట్లో మూత్రం పోయడం, తోటి మగకుక్కలతో కొట్లాట సగం కుక్కల్లో, లేదా అంతకి కాస్త ఎక్కువగా తగ్గాయి. చొక్కా లాగడం, లీష్ కొరకడం ఆ జాబితాలోనే లేవు. భయంతో కరిచే కుక్కకి కూడా ఆపరేషన్ మందు కాదు. రోజుకి ఇరవైమూడు గంటలు సిమెంటు నేల మీద, చుట్టూ మొరుగుళ్ళ మధ్య ఉంటే మీరూ నేనూ అయినా ఎవరి చొక్కానో పట్టుకుని లాగుతాం.

అలాంటివాడితో పని తలుపు తీయకముందే మొదలవుతుంది. కెన్నెల్ ముందు పక్కకి తిరిగి నిలబడి, నాలుగు కాళ్ళూ నేల మీదున్నప్పుడే ట్రీట్లు లోపలికి వేయాలి. "నో, నో" అని అరిస్తే వాడికది ఆటకి పిలుపు. ఛాతీ దగ్గర కొక్కెం ఉన్న హార్నెస్‌కీ, మెడపట్టీకీ రెండింటికీ లీష్ తగిలించాలి. ఒకటి ఊడినా రెండోది ఉంటుంది. బయటికి రాగానే నోటికి ఓ తాడుబొమ్మ ఇస్తే మీ చొక్కా బతికిపోతుంది. ఎక్కబోతే మోకాలితో పొడవకుండా లీష్‌ని కాలికింద తొక్కిపట్టి నిలబడండి. వాడు మామూలుగా నిలబడగలగాలి, పైకి మాత్రం లేవలేకపోవాలి, అంత పొడవు వదిలితే చాలు. కాళ్ళు కిందకి దిగగానే గడ్డిలో గుప్పెడు ట్రీట్లు చల్లండి. ముక్కు నేలకి దిగితే మిగతా ఒళ్ళూ దిగుతుంది. ఆపైన వాసనలు చూడనివ్వండి. కాలెత్తనివ్వండి, మీ సోఫా కాదుగా! ఎదకొచ్చిన ఆడకుక్క నడిచిన దారికి మాత్రం తీసుకెళ్ళకండి. ఆ రోజు ఎవరి విద్యా పనిచేయదు.

"కరిస్తే ఎవరిది పూచీ?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఒళ్ళు బిగబట్టి, కదలకుండా గుడ్లప్పగించి చూసే కుక్కని, ఇదివరకు కరిచిన కుక్కని సిబ్బందికే వదిలేయాలి. ఒళ్ళంతా ఊపుకుంటూ మీద పడేవాడు ఆ కోవలోకి రాడు. కానీ నేను వెళ్ళే షెల్టర్లో ఇద్దరి కార్డు మీదా ఒకటే ఎర్ర చుక్క: "అనుభవజ్ఞులకి మాత్రమే." ఆ అనుభవజ్ఞులు వారానికి నలుగురు వస్తే గొప్ప. శనివారం వచ్చే జనమంతా బొచ్చుకుక్కపిల్లల్ని నాలుగేసిసార్లు తిప్పుతారు. ఎర్ర చుక్కవాడు కెన్నెల్లోనే గిరగిరా తిరుగుతుంటాడు. మూడోవారానికి కార్డు మీద "అదుపు చేయడం కష్టం" అన్న వాక్యం చేరుతుంది. చోటు చాలని షెల్టర్లో ఆ వాక్యం ఎక్కడికి దారితీస్తుందో లోపల పనిచేసే అందరికీ తెలుసు. ఆపరేషన్ తేదీ అప్పటికింకా రాదు.

ఇండియాలో ఉన్న పాఠకులు ఇది డాలర్ల దేశపు గొడవనుకోవద్దు. 2025 నవంబరులో సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోని వీధికుక్కల్ని పట్టి, ఆపరేషన్ చేసి, టీకాలు వేసి షెల్టర్లకి పంపమంది. తిరిగి అక్కడే వదలొద్దంది. పిల్లలు కాటుకి గురవుతున్న చోట ఆ ఆందోళన నాకూ అర్థమవుతుంది. కానీ ఆ కుక్కల్ని రోజూ బయటికి తీసుకెళ్ళే మనుషుల లెక్క ఎవరు వేశారు? ఆపరేషన్ పుట్టబోయే కుక్కల సంఖ్యని తగ్గిస్తుంది. ఉన్న కుక్కని నడిపించడం దాని పని కాదు.

మా షెల్టర్‌ని నేనడిగేది కొంచెమే. ఎర్ర చుక్కని రెండు రంగులుగా విడదీయండి. దూకేవాళ్ళకి ఒకటి, కరిచేవాళ్ళకి ఒకటి. రెండు శనివారాలు శిక్షణ ఇచ్చి పదిమందిని తయారుచేయండి. పొద్దున్నే, మిగతా కుక్కలు బయటికి రాకముందు, మొదటి నడక ఆ దూకేవాళ్ళకివ్వండి.