జెముడు పాలు కంట్లో పడితే...

ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది:

"మా డాబా మీద కుండీలో కాడజెముడు ఉంది. ముళ్ళు లేవు, నీళ్ళు పెద్దగా అడగదు, చూడ్డానికి బాగుంటుందని నర్సరీ నుంచి తెచ్చుకున్నాం. ఆమధ్య ఒక ఆదివారం మావారు గుబురుగా పెరిగిన కాడల్ని చేత్తోనే విరిచి పారేశారు. అదే చేత్తో ముఖాన చెమట తుడుచుకునేసరికి కుడికన్ను భగ్గుమంది. నాలుగు దోసిళ్ళ నీళ్ళు కొట్టుకుంటే కాస్త తగ్గినట్టే అనిపించి పడుకున్నారు. రాత్రి రెండింటికి బాధ భరించలేక లేచి కూర్చున్నారు. తెల్లవారేసరికి కన్ను తెరవలేరు, వెలుతురు చూడలేరు. మా అత్తగారు చల్లగా ఉంటుంది, ఆముదం వెయ్యమన్నారు. పక్కింటి పిన్నిగారు చనుబాలు పిండమన్నారు. నాకు ధైర్యం చాలక ఏమీ వెయ్యకుండా కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాను. పదిరోజులకు చూపు మామూలుకి వచ్చింది. నోరులేని మొక్కకు ఇంత శక్తి ఉంటుందా? ఇంట్లో నాలుగేళ్ళ పిల్లవాడున్నాడు. ఆ మొక్కను తీసి పారెయ్యమంటారా?"

అమ్మా, ధైర్యం చాలక ఏమీ వెయ్యలేదన్నారు. ఆ చాలకపోవడమే మీ వారి కంటిని కాపాడింది. జరిగిన పొరపాట్లు రెండే. నాలుగు దోసిళ్ళతో సరిపెట్టడం ఒకటి, తగ్గినట్టుందని నమ్మి రాత్రంతా ఊరుకోవడం రెండోది. ఈ పొరపాట్లు మీ ఒక్క ఇంటివి కావు. ఇప్పుడు ఏ ఫ్లాటు బాల్కనీలో చూసినా చిన్న చిన్న కుండీలలో ఈ కండగల మొక్కలే కనిపిస్తున్నాయి. కాబట్టి అందరికీ పనికివచ్చేలా కాస్త వివరంగానే చెబుతాను.

ఏ మొక్కలకు పాలుంటాయి?

అలంకారానికి పెంచే కండమొక్కలన్నీ ప్రమాదకరమైనవి కావు. మందపాటి గుండ్రని ఆకులుండే జేడ్ మొక్క, గులాబీ పువ్వులా ఆకులు పరచుకునే ఎచివేరియా వంటివాటికి పాలు ఉండవు. నాగజెముడుకు కూడా పాలు లేవు. దాని బాధ వేరు. పెద్ద ముళ్ళ మొదట్లో కంటికి ఆనని సన్నని నూగుముళ్ళుంటాయి. అవి వేళ్ళకు గుచ్చుకున్నాక కన్ను నలుపుకుంటే కంట్లోకీ చేరతాయి.

భయపడవలసింది యూఫోర్బియా కుటుంబానికి. పెన్సిళ్ళు గుచ్చినట్టుండే కాడజెముడు, పొలం గట్లమీద కంచెగా వేసే ఆకుజెముడు, పలకలు పలకలుగా ముళ్ళతో పెరిగే బొమ్మజెముడు, ఎర్రని చిన్నపూలు పూసే ముళ్ళకిరీటం మొక్క, ఇవన్నీ ఆ కుటుంబంలోవే. పేర్లు ఊరికో రకంగా ఉంటాయి గనుక పేరును నమ్ముకోవద్దు. గుర్తు ఒక్కటే: గాయం తగిలితే తెల్లని చిక్కటి పాలు కారతాయి. పాలు కారే మొక్క ఏదయినా సరే, తెలియనంతవరకు దాన్ని అనుమానించడమే మంచిది.

ఈ పాలలో జిగురుతోపాటు చర్మాన్నీ కంటినీ రేపే రసాయనాలుంటాయి. మొక్కకు కాళ్ళు లేవు, పారిపోలేదు. తనను కొరికే జంతువుల నుంచి కాపాడుకోవడానికి అది ఏర్పరచుకున్న ఆయుధం ఇది.

కంటికి ఏమవుతుంది?

పాలు తగలగానే మంట, నీరు కారడం మొదలవుతాయి. కడిగితే కొంత ఉపశమనం కలుగుతుంది. మోసం ఉన్నది ఇక్కడే. ఈ పాల ప్రభావం గంటలు గడిచినకొద్దీ పెరుగుతుంది. నల్లగుడ్డుమీద గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. అది నీరుపట్టి ఉబ్బుతుంది. ఒకటి రెండు రోజులలో దాని పైపొర ఊడివస్తుంది. కంటి లోపలి భాగాలు కూడా వాస్తాయి. అందుకే మధ్యాహ్నం మండిన కన్ను అర్ధరాత్రికి మనిషిని లేపి కూర్చోబెడుతుంది, మరునాటికి చూపు మసకబారుతుంది.

సకాలంలో వైద్యం జరిగితే చాలామందికి వారం నుంచి రెండు వారాలలో నయమవుతుంది. నిర్లక్ష్యం చేస్తే ఊడిన పొరమీద క్రిములు చేరి పుండు పడవచ్చు. పుండు మానినా మచ్చ మిగిలితే చూపు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. కన్నే పోయిన సందర్భాలూ ఉన్నాయి.

వెంటనే ఏం చెయ్యాలి?

ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. పాలు అంటిన చేత్తో రెప్ప తెరిస్తే కంట్లో మరికాస్త పోసినట్టే. కాంటాక్టు లెన్సు పెట్టుకునేవారు దాన్ని వెంటనే తీసెయ్యండి. తరువాత కన్ను కడగడం మొదలుపెట్టండి. శుభ్రమైన కుళాయినీరు చాలు. గులాబీనీరు వెతుకుతూ కాలం పోగొట్టుకోవద్దు.

దెబ్బతిన్న కన్ను కిందివైపు ఉండేలా తల పక్కకు వంచాలి. రెండవవారు రెప్పలు తెరిచి పట్టుకుని, ముక్కువైపు నుంచి చెవివైపుకు చెంబుతో ధారగా నీరు పొయ్యాలి. అలా పోస్తే మురికినీరు మంచి కంట్లోకి పోదు. గడియారం చూసుకుని కనీసం పదిహేను ఇరవై నిమిషాలు కడగాలి. మండుతున్న కంటికి అది ఒక యుగంలా ఉంటుంది. అయినా ఆపవద్దు. మధ్యమధ్య కనుగుడ్డును నాలుగు వైపులకూ తిప్పమనండి. పసిపిల్లలయితే తువ్వాలులో చేతులతో సహా చుట్టి ఒకరు ఒడిలో పట్టుకుంటే, ఇంకొకరు నీరు పోయవచ్చు.

ఆ తరువాత మంట ఉన్నా లేకపోయినా అదేరోజు కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. మొక్క ముక్క ఒకటి ప్లాస్టిక్ సంచిలో వేసి తీసుకువెళ్ళండి, లేదా ఫోనులో ఫోటో తీసి చూపించండి. ఏ మొక్కో తెలిస్తే, తరువాతి రోజులలో ఏమి కనిపెట్టి ఉండాలో డాక్టరుకు తెలుస్తుంది. మొదటిరోజు బాగున్నా రెండవరోజు మళ్ళీ రమ్మంటే తప్పక వెళ్ళండి.

ఏం చెయ్యకూడదు?

కన్ను నలపకూడదు. ఆముదం, తేనె, చనుబాలు, నెయ్యి, వేటినీ వెయ్యకూడదు. పెద్దవాళ్ళు ప్రేమతోనే చెబుతారు, కాదనను. కాని పైపొర ఊడిన కన్ను పచ్చి పుండుతో సమానం. దానిలో వేసిన ప్రతిదీ క్రిములకు దారి చూపుతుంది. ఇంట్లో పాత సీసాలో మిగిలిన కంటిచుక్కలు అంతకన్నా ప్రమాదం. వాటిలో స్టిరాయిడ్ ఉండవచ్చు. వాపు తగ్గించడానికి డాక్టరు దాన్ని వాడతారు నిజమే. అయితే కంటిని పరీక్షచేసి, పుండు లేదని చూసుకుని వాడతారు. మందులషాపులో అడిగి వేసుకుంటే అదే మందు కంటికి చేటు తెస్తుంది.

మంటే లేని ముప్పు

ఇంకొక మొక్క సంగతి ఇక్కడ చెప్పకపోతే ఈ మాట పూర్తికాదు. అది కుండీలో పెంచేది కాదు గాని, మన పండుగలలో ఇంటికి వచ్చేది. వినాయకచవితి పత్రిలో జిల్లేడు ఆకు ఉంటుంది. రథసప్తమినాడు జిల్లేడు ఆకులు తలమీద పెట్టుకుని స్నానం చేస్తాం. ఆకు తుంచినప్పుడు కారే పాలు కంట్లో పడితే జెముడుపాలలా గోల పెట్టించవు. ఆ పాలకు కంటిని మొద్దుబార్చే గుణం ఉంది. కన్ను ఎర్రబడుతుంది, నొప్పి అంతగా ఉండదు, కొన్ని గంటలకు పొగమంచులోంచి చూస్తున్నట్టుగా చూపు మసకబారుతుంది. కార్నియా లోపలివరుస కణాలు దెబ్బతినడం దీనికి కారణం. నొప్పిలేదు కదా అని ఊరుకుంటే వైద్యం ఆలస్యమవుతుంది. ఆకులు ముందురోజే కోసి, కడిగి, కాడల పాలు ఆరిపోయాక వాడుకోండి. స్నానంవేళ కళ్ళు మూసుకోమని పిల్లలకు చెప్పండి. కంట్లో పడితే మాత్రం పైన చెప్పినట్టే కడిగి, డాక్టరుకు చూపించాలి.

చర్మం మీద పడితే

పాలు నీటిలో తేలిగ్గా కరగవు గనుక ఉత్త నీటితో తుడుచుకుంటే పోవు. వెంటనే సబ్బుతో బాగా కడగాలి. కొందరికి కొన్ని గంటల తరువాత ఎర్రబడి పొక్కులు లేస్తాయి. పొక్కులు చిదపవద్దు. ముఖంమీద వచ్చినా, ఎక్కువమేర వ్యాపించినా డాక్టరుకు చూపించండి. పిల్లవాడు కాడ కొరికితే నోరు నీటితో పుక్కిలించి ఉమ్మించండి. నోటికి వేలుపెట్టి బలవంతంగా కక్కించవద్దు. పాలు మింగితే, నోరు వాచినా వాంతులయినా ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి.

"జెముడు పాలు పులిపిరులకు మందు కదా?" అంటారేమో. ఈ జాతికి యూఫోర్బియా అనే పేరే ఒక వైద్యుడి మీదుగా వచ్చింది. ఉత్తర ఆఫ్రికాలోని మౌరిటానియాను ఏలిన రెండవ జూబా రాజు తన వైద్యుడు యూఫోర్బస్ పేరును ఒక మొక్కకు పెట్టాడు. మన ఆయుర్వేదంలో భగందరానికి వాడే క్షారసూత్రాన్ని స్నుహి పాలతో, అంటే జెముడు పాలతోనే పూతపెట్టి తయారుచేస్తారు. కాని అదే ఆయుర్వేదం స్నుహినీ అర్కాన్నీ ఉపవిషాలలో చేర్చిందని మరువకండి. శుద్ధి తెలిసిన వైద్యుడి చేతిలో అది మందు. మన చేతిలో, మొఖంమీది పులిపిరి దగ్గర, కంటికి రెండంగుళాల దూరంలో, అది విషమే.

కలబందకు పాలు లేకపోయినా, తొక్కకిందనుంచి పసుపుపచ్చని చేదు రసం కారుతుంది. కొందరికి అది దురద పెడుతుంది, కడుపులోకి పోతే విరేచనాలు పట్టిస్తుంది. గర్భిణులు దాన్ని తీసుకోకూడదు. ముఖానికి గుజ్జు రాసుకునేవారు కోసిన మట్టను కాసేపు నిలబెట్టి, పచ్చరసం కారిపోయాక కడిగి గుజ్జు తీసుకోవాలి.

మొక్కలు పెంచేవారికి

పాలుగల మొక్కను కత్తిరించేటప్పుడు రబ్బరు చేతితొడుగులు వేసుకోండి. గుడ్డవి పాలను పీల్చి చర్మానికి అంటిస్తాయి. కళ్ళజోడు పెట్టుకోండి. చేత్తో విరవకండి. విరిస్తే పాలు చిందుతాయి, పదునైన కత్తితో కోస్తే కారతాయి. తలకన్నా ఎత్తులో ఉన్న కొమ్మను కిందనుంచి కొయ్యకండి. కోసినచోట నీళ్ళు చిలకరిస్తే పాలు ఆగుతాయి. పని పూర్తయి చేతులు కడుక్కునేదాకా చెమట తుడవడం, ముక్కు గోకడం, సెల్‌ఫోను ఎత్తడం మానండి. కత్తిని సబ్బుతో కడిగి పెట్టండి. కోసిన కాడలను విడిగా చెత్తబుట్టలో వెయ్యకుండా పాత పేపరులో గట్టిగా చుట్టి వెయ్యండి. మన కన్ను ఎంతో, రేపు ఆ చెత్త ఎత్తే మనిషి కన్నూ అంతే.

ఇక ఈ సోదరి అడిగిన ఆఖరు ప్రశ్న. మొక్కను తీసి పారెయ్యనక్కరలేదు. అయితే నాలుగేళ్ళ పిల్లవాడికి చెప్పినా తెలియదు, చెప్పకపోయినా తెలియదు. వాడు బడికి వెళ్ళి బుద్ధి వచ్చేదాకా కాడజెముడును పిల్లలులేని స్నేహితుల ఇంటికి పంపండి, లేదా వాడి చెయ్యి ఏవిధంగానూ అందనిచోట ఉంచండి. ఆ స్థానంలో పాలులేని మొక్కను పెట్టుకోండి. మీ వారికి కూడా నామాటగా ఒకటి చెప్పండి: ఈసారి కంట్లో ఏది పడినా నాలుగు దోసిళ్ళు కాదు, ఇరవై నిమిషాలు!