తీరిక వేళ: మరబొమ్మ మాట నమ్మినవారు



గడచిన నెలలో ఈ శీర్షిక చదివిన యొక సోదరి నాకు దీర్ఘమైన యుత్తరము వ్రాసినది. ఆమె యింట కోడలును, కళాశాలలో చదువుచున్న మనుమరాలును రాత్రి భోజనములైన పిమ్మట టెలివిజనులో నొక యింగ్లీషు ధారావాహిక చూచుదురట. చూచునది గంటసేపు, దానినిగూర్చి వాదించుకొనునది రెండు గంటలు! ఫలానివాడు మనిషి కాడు, మరబొమ్మ యని యొకరు. కాదు, మనిషియే, కాని యిది జరిగినది నేడు కాదు, ఏనాడో యని వేరొకరు పందెములు వేసికొందురట. కథను తిన్నగా చూచి యానందింపక ఈ ముందూహ లెందులకు, వీనివలన నేమైన మేలు గలదా యని యామె ప్రశ్న.

ప్రశ్న న్యాయమైనదే. ఆమె చెప్పిన గురుతులనుబట్టి యా కథ ‘వెస్ట్‌వరల్డ్’ అయియుండునని తోచుచున్నది. నేనును మా అమ్మాయి బలవంతమున దానిని చూచితిని గనుక నాకు తోచిన రెండు మాటలు చెప్పెదను. ముగింపు చెప్పక ఈ విషయము మాటలాడుటకు వీలులేదు. ఇక మీదట చూడదలచినవారు ఈ పుట నిక్కడనే మడిచి యుంచుదురు గాక! మరియొక హెచ్చరిక: ఇందు రక్తపాతమును, మోటుదనమును మెండు. పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని చూడదగినది కాదు.

ఈ ధారావాహిక అమెరికాలో హెచ్.బి.ఓ. వారి ప్రసారములందు 2016వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన ప్రారంభమైనది. దీనిని కల్పించినవారు జొనాథన్ నోలన్, లీసా జాయ్ అను దంపతులు. మూలకథ వారిది కాదు. 1973లో మైకేల్ క్రైటన్ అను రచయిత వ్రాసి, తానే దర్శకత్వము వహించిన చలనచిత్రమొకటి యీ పేరుతోనే కలదు. అందు మరమనుష్యులు కీలు తప్పి, తమ్ము చూడవచ్చినవారిని చంపుదురు. మనము మనుష్యులకొరకు భయపడుదుము. ఈ దంపతులు దానిని తలక్రిందులు చేసి, మరబొమ్మల పక్షమున కథ నడపిరి. మార్పంతయు నందే యున్నది.

కథాస్థలము పూర్వకాలపు అమెరికా పడమటి సీమవలె కట్టిన యొక విశాలమైన వినోదవనము. ధనవంతులు సొమ్ము చెల్లించి యచ్చటికి పోవుదురు. అందలి నివాసులందరును మరమనుష్యులే. కాని వారికి రక్తము స్రవించును, కన్నీరు కారును, చూచినవారికి మనిషికిని వారికిని భేదము తెలియదు. అతిథులు వారిని ముద్దాడవచ్చును, చంపవచ్చును, అడుగువారు లేరు. గాయపడినవారిని పనివారు కొనిపోయి బాగుచేసి, జరిగినది జ్ఞప్తి లేకుండ తుడిచివేసి, మరల పూర్వస్థానమున నిలుపుదురు. డొలోరెస్ అను రైతుబిడ్డ యిట్టిదే. ఆ వనములోని బొమ్మలన్నిటిలో మిక్కిలి పాతది. ప్రతిదినము నిద్ర లేచి, వసారాలో తండ్రిని పలుకరించి, సంతకు పోయి, గుఱ్ఱపు జీనుసంచిలోనుండి పాలడబ్బా జారవిడుచును. ఎవరో యొకరు దానిని తీసి యిత్తురు. ఆ తీసినవానినిబట్టి యామె కథ యానాటికి మలుపు తిరుగును. కొన్ని రాత్రులు దుండగులు ఆమె తల్లిదండ్రులను చంపుదురు. మరునాడు తెల్లవారగనే యామె మరల చిరునవ్వుతో లేచును.

ఆమెకు విలియము అను మృదుస్వభావుడైన యువకుడు పరిచితుడై, ప్రేమించి, వెంట తిరుగును. మరియొక వంక, ముప్పదియేండ్లుగా నచ్చటికి వచ్చుచున్న నల్లదుస్తుల వృద్ధుడొకడు కనబడినవారినెల్ల హింసించుచు ‘చిక్కుబాట’ యను నొక రహస్యమును వెదకుచుండును. బొమ్మలను దిద్దు శాఖకు పెద్దయైన బెర్నార్డు చనిపోయిన కుమారుని తలచుకొని కుములుచుండును. వన స్థాపకుడు ఫోర్డు; అతని భాగస్వామి ఆర్నాల్డు వనము తెరువకమునుపే మరణించినాడని చెప్పుదురు.

ఇక ముందూహల సంగతి. రెండవ భాగము వెలువడిన కొలది దినములకే కొందరు ప్రేక్షకులు, “ఈ విలియమును ఆ నల్లదుస్తుల వృద్ధుడును ఒక్కరే. మనకు ప్రక్కప్రక్కన చూపుచున్న రెండు కథల నడుమ ముప్పదియేండ్ల యెడము గలదు” అని చెప్పసాగిరి. వారి యాధారము లేమందురా? వన చిహ్నము విలియము వచ్చినప్పు డొక తీరునను, తక్కిన చోట్ల వేరొక తీరునను ఉండెను. ఇద్దరును ఒక్క దృశ్యమునందును ఎదురుపడలేదు. మొదటి భాగమున డొలోరెస్ తండ్రికి మంటిలో నొక పట్టణపు స్త్రీ ఛాయాచిత్రము దొరకును. తొమ్మిదవ భాగమున నదే చిత్రము విలియము పెండ్లాడబోవు కన్యదిగా కనబడును. ఈ యూహ నిజమేయని డిసెంబరు 4వ తేదీన వెలువడిన పదవ భాగమున తేలినది.

రెండవ యూహ బెర్నార్డునుగూర్చినది. అతడు మనిషి కాడనిరి. నవంబరు 13వ తేదీన వచ్చిన ఏడవ భాగము దానిని నిశ్చయించినది. అతడు చనిపోయిన ఆర్నాల్డునకు ప్రతిరూపమనిరి, అదియు నిజమైనది. ‘బెర్నార్డ్ లో’ అను పేరునందలి పదునొకండు ఇంగ్లీషు అక్షరములను తారుమారు చేసినచో ‘ఆర్నాల్డ్ వెబర్’ అగును. పొడుపుకథలు విప్పు మన ముసలమ్మలు చూచినచో మెచ్చుకొనియుందురు! తప్పిన యూహలును లేకపోలేదు. ఆ వనము భూమిమీద లేదు, అంగారక గ్రహమున నున్నదని కొందరు వాదించిరి. తుదకది భూమిమీదనే, సముద్రమధ్యమునందలి ద్వీపమని తేలినది.

ఇట్టి కథనము మనకు క్రొత్త కాదు. పింగళి సూరన పదునారవ శతాబ్దమున వ్రాసిన కళాపూర్ణోదయమున ముందుగా జరిగినది వెనుకను, వెనుక జరిగినది ముందును తెలియుచుండును. చదువరి యూహించుచు నడువక తప్పదు. మాటలాడు బొమ్మలును క్రొత్త కావు. విక్రమార్కుని సింహాసనపు మెట్లమీది సాలభంజికలు భోజరాజునకు కథలు చెప్పినవి గదా! కాని యా సాలభంజికలు పరుల కథలు చెప్పినవి. డొలోరెస్ తన కథనే చెప్పవలెను, ఆమెకది తుడిచివేయబడినది. భేద మదియే.

నాకు మిక్కిలి నచ్చినది మొదటి యూహ నడచిన త్రోవ. డొలోరెస్ ఒక క్షణము విలియముతో నడచుచుండును. మరుక్షణ మొంటరిగా నుండును. కడుపుమీద గాయము కనబడును, చూచుచుండగనే మాయమగును. పైపైన చూచినవారు, “ఈ బొమ్మకు మతి చలించినది” యనుకొనిరి. కాని కొందరు ఆమె పలుకు అబద్ధము కాదని నమ్మిరి. మన జ్ఞాపకములు కాలక్రమమున వెలవెలబోవును. మరబొమ్మ జ్ఞాపకము అట్లు మాయదు. వచ్చినప్పుడు మరల జరుగుచున్నట్లే వచ్చును. ముప్పదియేండ్ల క్రిందట విలియముతో నడచిన బాటనే యామె నేడొంటరిగా నడచుచు, రెండు కాలములను ఒక్కటిగా ననుభవించుచున్నది. ఆమె చెప్పునది నిజమే, కాలము మాత్రము వేరు. ఇట్లు నమ్మినవారికే చిక్కు విడినది.

ఈ మాట మా యింట నొక మేలు చేసినది. మా అత్తగారికి ఎనుబది రెండేండ్లు. మతిమరపు జబ్బు వచ్చి మూడేండ్లైనది. సాయంకాల మగుసరికి, “మామయ్యగారు కచ్చేరినుండి వచ్చు వేళయైనది, అన్నము వార్చితివా?” యని యడుగుదురు. మామగారు పోయి యిరువదియేండ్లు దాటినది. నేను సత్యము చెప్పుట ధర్మమనుకొని, “వారు లేరు గదా అత్తయ్యా” యనుచుంటిని. ఆమె ప్రతిపర్యాయము ఆ వార్తను క్రొత్తగా విని యేడ్చెడివారు. నేను ప్రతిదిన మామెకు వైధవ్యము కలిగించుచున్నానని నాకు తోచలేదు. ఆ ధారావాహిక చూచిన కొన్నాళ్లకు మా అమ్మాయి, “అమ్మా, నాయనమ్మ చెప్పునది తప్పు కాదే, ఆమె యున్న కాలము వేరు” అన్నది. నాకు గుండె కలుక్కుమన్నది. నాటినుండి నేను, “మామయ్యగారికి ఈ పూట ఏమి చేయమందురు?” అని యడుగుచున్నాను. ఆమె గోంగూర పచ్చడియో, కందిపప్పు పొడియో చెప్పి, ఆయన రుచులు రెండు చెప్పి, నెమ్మదిగా నిద్రించుచున్నారు. రోగి యంత్రమని నా భావము కాదు. బొమ్మ మాట నమ్మగల ఓర్పు మనకున్నచో, పెద్దవారి మాటకు ఆ మాత్ర మోర్పు చూపరాదా యని నా యభిప్రాయము.

అయినను, సోదరి సందేహమునందును నిజము గలదు. ఊహలకు వ్యసనపడినవారు డొలోరెస్ నీలి గౌను ధరించినదా, చొక్కాయు లాగును ధరించినదా యని పరికించి యది యే కాలమో గుణించిరి. ఆమె గౌనుమీది నెత్తురు వారికి తిథివారనక్షత్రములు తెలుపు పంచాంగమైనది. గురుతులు వెదకు కన్ను కన్నీటిని చూడదు. నల్లదుస్తుల వృద్ధుడు చేసినదియు నిదియే గదా! మొదటి భాగముననే యతడొక బొమ్మ నెత్తిచర్మ మొలిచి, దానిలోపల వ్రాసియున్న పటమును చదువుకొనును. ముప్పదియేండ్లు వెదకిన పిమ్మట, ఆ చిక్కుబాట యతని కొరకు కాదనియు, బొమ్మలు తమ లోపలి స్వరము తామే వినుటకై యేర్పడినదనియు తెలియును. డొలోరెస్ తనతో మాటలాడు గొంతు సృష్టికర్తదని యన్నాళ్లు భ్రమించి, తుదకు ఎదుటి కుర్చీలో తన్ను తానే చూచుకొనును. ప్రాచీనులు తమ యాలోచననే దేవతల పలుకుగా వినెడివారని జూలియన్ జేన్స్ అను మనస్తత్త్వవేత్త 1976లో ప్రతిపాదించిన సిద్ధాంతమునుండి కథకులీ భావము గ్రహించిరి.

పదవ భాగమున డొలోరెస్ తన్ను హింసించు వృద్ధునితో, విలియము వచ్చి తన్ను కాపాడునని చెప్పును. ఎదుట నున్నవాడే విలియము! ఒకనాడు జ్ఞప్తి తుడిచిన యామె తన్ను గుర్తింపక వేరొకనికి పాలడబ్బా యందిచ్చుకొనుచుండగా చూచి, అతని ప్రేమ క్రౌర్యమైనది. ఆమె తప్పేమి? ముందే యూహించినవారు “మేము చెప్పలేదా!” యని చప్పట్లు కొట్టిరి. నేనేమియు నూహింపలేదు గనుక కంట తడి పెట్టితిని. ఎవరు కథను బాగుగా చూచినట్లో మీరే చెప్పుడు.

తల్లులు వాదించుకొనదగిన సంగతి యొకటి గలదు. మేవ్ అను పాత్రకు పూర్వజీవితమున నొక కూతురుండెను. తప్పించుకొని పోవుటకు రైలెక్కి, బయలుదేరు క్షణమున కూతురికొరకు దిగి వెనుకకు వచ్చును. ఆమె పారిపోవుట మొదలైనవన్నియు నెవరో ముందే వ్రాసిపెట్టినవని అప్పటికే తెలిసియున్నది. మరి దిగుటయు వ్రాతయేనా? అది యామె స్వంత నిర్ణయమని కథకులు పిమ్మట చెప్పిరి. ఆ పాత్ర ధరించిన థాండివే న్యూటనునకు 2018లో ఎమ్మీ బహుమానము లభించినది.

అదే సంవత్సరము ఏప్రిలులో కథకులు ప్రేక్షకులతో నొక పరిహాస మాడిరి. వేయిమంది సమ్మతించినచో రెండవ పర్వపు కథ యంతయు ముందే చెప్పెదమని ప్రకటించి, జనులు సమ్మతింపగా, కథకు బదులు నాయిక యొక పాత పాట పాడు దృశ్యమును చూపిరి! పిమ్మటి పర్వములందు చిక్కులు పెరిగినవేకాని కన్నీరు పెరుగలేదని నా మతము. నాలుగవ పర్వము 2022 ఆగస్టులో ముగిసినది. నవంబరులో ధారావాహిక నిలిపివేయబడినది. తలచుకొనిన ఐదవ పర్వము రాలేదు. తుది యూహలకు ఉత్తరము చెప్పువారు లేరు.

కాబట్టి, సోదరీ, మీ కోడలిని మనుమరాలిని ఊహింపనిండు. వారు వాదించుకొను రెండు గంటలు వారిని దగ్గర చేయుచున్నవి. మీరును వారి నడుమ కూర్చుండుడు. నియమములు మూడు చాలును. చూడనివారికి ముగింపు చెప్పరాదు. ఊహను చీటిమీద వ్రాసి పోపులపెట్టెలో దాచి, కథ ముగిసిన పిమ్మట విప్పవలెను. అప్పుడు గొప్పలకు తావుండదు. మూడవది ముఖ్యము: “ఇక నేమి జరుగును?” అని యడుగుటకు ముందు, “ఇప్పు డామెకు ఎట్లున్నది?” అని యొకరినొకరు అడుగవలెను. రెండవ ప్రశ్నకు ఉత్తరము వెదకువారికి మొదటిది తరచుగా తానే దొరకును.

మీ యిండ్లలో మతిమరపు పెద్దలున్నచో, వారిని మీరెట్లు ఊరడించుచున్నారో నాకు వ్రాయుడు. వచ్చు నెలలో ఆ యుత్తరములను గూర్చి ముచ్చటించుకొందము.

ఇట్లు,
మీ సోదరి