నిప్పు లేని పాకం

"పొయ్యి వెలిగించకుండా చేసినది పిల్లల ఆట అవుతుంది గానీ వంట ఎలా అవుతుందే?"

మొన్న ఆదివారం వంటింటి బల్ల మీద నిమ్మకాయలూ, క్రీం చీజూ, పంచదార పొడీ సర్దుతుంటే మా అమ్మ అన్న మాట ఇది. ఆమెను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. చాలాకాలం నా అభిప్రాయమూ అదే. ఈ టపా ఆ అభిప్రాయంతో తగవు పడటానికి రాస్తున్నాను, కనుక తగవు సగం నాతోనే.

మేము ఒహాయోలో ఒక చిన్న ఊళ్ళో ఉంటాము. 2012లో పక్కింటావిడ కూతురికి సీమంతం వంటి వేడుక చేశారు. అక్కడ ఒక పింగాణీ పళ్ళెంలో రూపాయి బిళ్ళంత లేత పసుపు బిళ్ళలు పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కదాని మీద ఫోర్కుతో నొక్కిన గీతలు. నోట్లో వేసుకుంటే పైన పలుచని పెంకు చిట్లి, లోపల వెన్నలా కరిగి, తీపి వెనుకగా సన్నని పులుపూ నిమ్మ పరిమళమూ తగిలాయి. ఈ ప్రాంతంలో పెళ్ళిళ్ళకు పుదీనా సారంతో ఇటువంటివే చేస్తారు. ఎలా చేశారని అడిగాను. "వండేదేమీ లేదు, పిసకడమే" అని ఆవిడ నవ్వింది. ఆ మాటతో నా ఆసక్తి చప్పున చల్లారింది. పాకం పట్టే జాతి దానను, పిసికి చేసేదాన్ని నేర్చుకోవడమా! (ఆ పాకం పట్టడం నాకు రాదన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.)

చేసే పద్ధతి చెప్పుకుందాం. 113 గ్రాముల క్రీం చీజ్, అంటే ఇక్కడ దొరికే అచ్చులో సగం, మెత్తబడే దాకా బయట ఉంచాలి. రెండు నిమ్మకాయల తొక్క పైపొర మాత్రం సన్నగా తురుమి అందులో కలపాలి. ఆ కింది తెల్లని పొర చేదు, దాని జోలికి పోకూడదు. జల్లించిన పంచదార పొడి కొంచెం కొంచెంగా వేస్తూ పిసికితే, దాదాపు 450 గ్రాములు పట్టేసరికి వేళ్ళకు అంటని ముద్ద అవుతుంది. గోలీలంత ఉండలు చేసి, పంచదారలో దొర్లించి, ఫోర్కుతో నొక్కి, మూత పెట్టకుండా ఒక రాత్రి ఫ్రిజ్జులో ఉంచితే పైన పెంకు కడుతుంది. అంతే.

చీజుకు తెలుగులో జున్ను అని రాసేవారున్నారు. నాకు మింగుడు పడదు. ఈనిన గేదె తొలిపాలతో, బెల్లమూ మిరియాలూ వేసి చేసే జున్నుకు ఆ పేరు వదిలేద్దాం. ఇది 1870లలో న్యూయార్క్ రాష్ట్రంలోని చెస్టర్ అనే ఊళ్ళో విలియం లారెన్స్ అనే పాల వ్యాపారి చేతుల్లో రూపు దిద్దుకున్నదని చెబుతారు. దానికి 1880లో ఫిలడెల్ఫియా అని పేరు పెట్టి అమ్మారు, ఆ ఊరి సరుకంటే జనానికి గురి కాబట్టి! ఇక్కడి నిబంధన ప్రకారం క్రీం చీజ్‌లో కొవ్వు 33 శాతానికి తగ్గకూడదు, తేమ 55 శాతానికి మించకూడదు.

ఆ తేమ దగ్గరే నా కళ్ళు తెరుచుకున్నాయి. మొదటిసారి చేసినప్పుడు పులుపు చాలదని రెండు చెంచాల నిమ్మరసం పిండాను. ముద్ద కాస్తా జావయింది. ఎంత పొడి వేసినా చేతికి అంటుకుంటూనే ఉంది. తరువాత కూర్చుని లెక్క వేసుకున్నాను. 113 గ్రాముల చీజ్‌లో నీరు 60 గ్రాములకు పైగా ఉంటుంది. చల్లని నీటిలో కూడా పంచదార తన బరువుకు సగం నీరుంటే కరిగిపోతుంది. అంటే ఆ 60 గ్రాముల నీరు 120 గ్రాముల పంచదారను కరిగించుకుని చిక్కని పాకమవుతుంది. మిగిలిన పొడిని ఆ పాకమే అంటించి పట్టుకుంటుంది. ఒక్క చెంచా రసం, 15 గ్రాములు, మరో 30 గ్రాముల పంచదారను కరిగిస్తుంది. ముద్ద జారిపోక ఏమవుతుంది? పులుపు చీజ్‌లోనే ఉంది. నిమ్మ నుంచి మనకు కావలసింది తొక్కలోని నూనె, దానిలో నీరు లేదు.

అంటే ఇందులోనూ పాకం ఉంది. నిప్పు మాత్రం లేదు.

ఇది మనకు కొత్తా? నాగుల చవితికి పుట్ట దగ్గర పెట్టే పచ్చి చలిమిడి గుర్తు చేసుకోండి. నానిన బియ్యం నీళ్ళు ఓడ్చి, తడి ఆరకముందే దంచి, జల్లించి, బెల్లం కలిపి మళ్ళీ దంచుతారు. పిండిలో మిగిలిన ఆ తడే బెల్లాన్ని కరిగించి ముద్ద కట్టిస్తుంది. పక్కనే చిమ్మిలి, నువ్వుల నూనె బెల్లాన్ని పట్టుకుంటుంది. శ్రీరామనవమి పానకానికీ వడపప్పుకూ పొయ్యి అక్కరలేదు. దేవుడికి పెట్టేటప్పుడు లేని చులకన పిల్లలతో చేసేటప్పుడు ఎందుకు వచ్చింది?

ఆ చులకన వల్ల పోయిందేమిటో నాకు తెలుసు. మా అమ్మ అరిసెలు మా వీధిలో పేరు మోసినవి. బెల్లం పాకం నీళ్ళ పళ్ళెంలో వేసి, వేలితో దగ్గరకు లాగి, ఉండ కట్టిందీ లేనిదీ ఆమె చెప్పేది. ఆ సమయానికి పిల్లలెవరూ గుమ్మం దాటి రాకూడదు. ఆ భయం న్యాయమైనదే. ఉండ పాకం వేడి సుమారు 115 డిగ్రీలు, మరిగే నీటి కంటే ఎక్కువ, పైగా చర్మానికి అంటుకుంటే వదలదు. అమ్మ ఎడమ మణికట్టు మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. కానీ పొయ్యి దగ్గరి పని మాత్రమే వంట అనుకోవడంతో పొయ్యికి దూరంగా చేయగలిగిన పని కూడా మాకు దక్కలేదు. వంటిల్లంటే గుమ్మంలోంచి చూసేదయింది. ఆ తరువాత చదువులు, ఉద్యోగాలు, ఈ దేశం. ఇప్పుడు అమ్మకు డెబ్భై నాలుగు. మూడేళ్ళుగా చేతులు వణుకుతున్నాయి. గరిటె పట్టలేదు. ఆమె అరిసెలు ఆమె చేతుల్లోనే ఆగిపోయాయి.

ఈ బిళ్ళలు అరిసెలతో సమానమని నేను అనను. తీపి మితిమీరుతుంది, రెండు తింటే మూడోదానికి చెయ్యి వెళ్ళదు. ఫ్రిజ్జు దాటి బతకవు. అరిసె డబ్బాలో వారాల తరబడి ఉంటుంది, ఊళ్ళు దాటి వస్తుంది. నిప్పు చేసే పని నిప్పే చేయాలి. నేను అడిగేది ఇంతే: ఎనిమిదేళ్ళ పిల్లకు వంట మొదలు పెట్టించడానికి నిప్పు దాకా ఎందుకు ఆగాలి? ముద్ద బిగువు వేలికి తెలియడం, ఎక్కడ ఆపాలో తెలియడం, ఇవి చల్లని గిన్నెలో కూడా నేర్చుకోవచ్చు.

ఆదివారం మా అమ్మాయి పిసుకుతోంది. అమ్మ కాసేపు ఎటో చూస్తూ కూర్చుంది. తరువాత ఉండబట్టలేక గిన్నె దగ్గరకు లాక్కుని, ముద్దలో వేలు గుచ్చి, "ఇంకా రెండు చెంచాలు పడుతుందే తల్లీ. చలిమిడి అయితే ఇలా అంటుకోకూడదు" అంది. చెంచాతో కొలిచి మరీ చూశాను. సరిగ్గా రెండే పట్టాయి.

ఉండలు ఇద్దరూ చేశారు. అమ్మ చేసినవి వణుకుకు కొంచెం కోలగా వచ్చాయి. మనవరాలు వాటినే ఏరుకుని తింది.

"అమ్మమ్మా, నువ్వు చేసే అరిసెల పిండి కూడా ఇలాగే ఉంటుందా?"

"దానికి పాకం పట్టాలమ్మా. ఇప్పుడు నా వల్ల కాదు."

వచ్చే శనివారానికి బియ్యం నానబోద్దామని అనుకున్నాము. గరిటె నేను పడతాను. అమ్మ కుర్చీ పొయ్యికి బారెడు దూరంలో, నీళ్ళ పళ్ళెం ఆమె ఒడి దగ్గర. పాకం చుక్క చల్లారాక లాగి చూసే వేలు మా అమ్మాయిదట, అప్పుడే ఒప్పందం చేసుకున్నారు.