విమానం ఎక్కకముందే మొదలవుతున్న ముప్పు

ఉన్నత చదువుకని వెళ్ళిన బిడ్డ పరాయి దేశంలో ప్రాణాలు కోల్పోయాడన్న వార్త తెలుగు పత్రికల్లో ఇప్పుడు అరుదైనది కాదు. ఒకసారి తుపాకీ గుండు, ఒకసారి రోడ్డు ప్రమాదం, ఒకసారి జలపాతం, మరోసారి నిద్రలోనే ఆగిన గుండె. కారణాలు వేరైనా ఆ తరవాత జరిగేది ఒక్కటే. భౌతికకాయాన్ని స్వస్థలానికి చేర్చాలని కుటుంబం వేడుకుంటుంది. నాయకులు పరామర్శించి భరోసా ఇస్తారు. ప్రవాస సంఘాలు విరాళాలు పోగుచేస్తాయి. అంత్యక్రియలు ముగిశాక ఆ ఇంటి దుఃఖం ఆ ఇంటికే మిగులుతుంది. సమాజం దాన్ని విధిరాతగా తీర్మానించుకుంటుంది. ఈ ధోరణి ఇక కొనసాగరాదు. ఈ మరణాల్లోనూ, వాటి వెనక వెలుగుచూడని దోపిడీల్లోనూ, మోసాల్లోనూ చాలావాటికి బీజం పడుతున్నది ఇక్కడే, మన ఊళ్లలోని కన్సల్టెన్సీ గదుల్లో, అప్పు పత్రాల మీద.

అంతకుముందు అయిదేళ్లలో విదేశాల్లో 633 మంది భారతీయ విద్యార్థులు మరణించారని 2024 జులైలో కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. కెనడాలో 172 మంది, అమెరికాలో 108, బ్రిటన్‌లో 58, ఆస్ట్రేలియాలో 57, రష్యాలో 37. మొత్తంలో హింసాత్మక దాడులకు బలైనవారు 19 మంది. పతాక శీర్షికలకు ఎక్కేవి దాడులే కనుక తల్లిదండ్రుల భయమంతా తుపాకీ చుట్టూ తిరుగుతోంది. మిగిలిన ఆరువందల పైచిలుకు మరణాలు ప్రమాదాలు, అనారోగ్యం, సహజ కారణాల పద్దులో ఉన్నాయి. ఇరవై మూడేళ్లు, ఇరవై నాలుగేళ్లు నిండిన యువతకు సహజ మరణమన్న మాట అంత తేలిగ్గా అతకదు. ఏ రాష్ట్రంవారు, ఏ కారణంతో, ఏ పరిస్థితుల్లో మరణించారో సభలో ఎవరో అడిగినప్పుడు కాకుండా ఏటా క్రమం తప్పక ప్రజల ముందుంచాలి. ఏ ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో తెలియకుండా దాని నివారణ సాధ్యం కాదు.

అమెరికాలో చదువుతున్న భారతీయుల సంఖ్య 2023-24 విద్యాసంవత్సరంలో 3,31,602కు చేరి, 2009 తరవాత తొలిసారి చైనాను దాటింది. అందులో తెలుగు రాష్ట్రాల వాటా పెద్దదని వేరే చెప్పనక్కరలేదు. ఒకప్పుడు స్కాలర్‌షిప్ సాధించిన కొద్దిమందికే దక్కిన ఈ అవకాశం నేడు దిగువ మధ్యతరగతి, చిన్నరైతు కుటుంబాల గడపకూ వచ్చింది. ఇది హర్షించవలసిన పరిణామమే. అయితే రెండేళ్ల ఎంఎస్‌కు ఫీజు, బస కలిపి నలభై, యాభై లక్షల రూపాయలు దాటడం మామూలైపోయింది. ఇల్లో పొలమో తాకట్టు పడుతోంది. విద్యార్థిని చేర్పించినందుకు అవతలి విశ్వవిద్యాలయం నుంచి కమిషన్ పుచ్చుకునే కన్సల్టెన్సీ, ఖర్చులకు పార్ట్‌టైమ్ ఉద్యోగం దొరుకుతుందిలెమ్మని ధైర్యం చెబుతుంది. వీసా ఇంటర్వ్యూ కోసం వడ్డీకి తెచ్చిన సొమ్మును బ్యాంకు ఖాతాలో నాలుగు రోజులు చూపించి తిరిగి తీసేసే పద్ధతి అందరికీ తెలిసిన రహస్యం. ఆ క్షణం నుంచే విద్యార్థి కాగితం మీద ఒక ఆర్థిక స్థితితోనూ, జేబులో మరొక స్థితితోనూ బతకవలసివస్తోంది. వచ్చినవారి చేతిలో బతుకుతెరువుకు సరిపడా డబ్బు ఉండటం లేదని కెనడా కూడా గుర్తించింది. విద్యార్థి తన ఖర్చులకు చూపవలసిన మొత్తాన్ని 2024 జనవరి నుంచి 10,000 డాలర్ల నుంచి 20,635 డాలర్లకు పెంచింది.

అమెరికాలో ఎఫ్-1 వీసాపై ఉన్నవారు తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదు. బయట పనికి ప్రత్యేక అనుమతి ఉండాలి. క్యాంపస్ ఉద్యోగాలు కొన్నే, ఆశావహులు వేలల్లో. ఈఎంఐ మాత్రం నెలనెలా తరుముతుంది. మిగిలేది నగదు చేతికిచ్చే పని. అక్కడ పెట్రోల్ బంకును ఆనుకొని చిన్న దుకాణం ఉంటుంది. రాత్రి పదకొండు నుంచి తెల్లవారేదాకా కౌంటర్ దగ్గర మనిషి ఒక్కడే. సొరుగులో చిల్లర, నోట్లు. వెనక అరల్లో సిగరెట్లు, లాటరీ టికెట్లు. తలుపు ఎవరు నెట్టినా తెరుచుకుంటుంది. కాన్సస్ సిటీలో 2018 జులైలో ఒక రెస్టారెంట్‌లో, షికాగో ప్రాంతంలో 2024 నవంబరులోనూ టెక్సాస్‌లో 2025 అక్టోబరులోనూ పెట్రోల్ బంకుల్లో పనిచేస్తున్న తెలుగు యువత తూటాలకు బలైంది. ఎవరు ఏ అనుమతితో ఆ పని చేశారన్నది ఇక్కడ ప్రశ్న కానేకాదు. చదువుకోవడానికి వెళ్ళినవారిని రాత్రివేళ ఒంటరిగా ఆ కౌంటర్ వెనక నిలబెడుతున్న అవసరమే అసలు ప్రశ్న. దొంగ తుపాకీ చూపితే సొరుగు తెరిచి ఇచ్చేయాలి, ఎదురు తిరగరాదు, వెంటపడరాదు అన్న కనీస జాగ్రత్తను కూడా ఇక్కడ బయలుదేరేముందు వీరికి చెప్పేవారు లేరు.

ఇంతకంటే లోతైన హాని మరొకటి ఉంది. అనుమతి లేని పని చేసినవారికి పోలీసు అంటే భయం. జీతం ఎగ్గొట్టినా, కొట్టినా, పాస్‌పోర్టు లాక్కున్నా అత్యవసర నంబరు 911కు ఫోన్ చేస్తే తన వీసా స్టేటస్ పోతుందేమోనని నోరు మూసుకుంటారు. ఈ మౌనమే దుర్మార్గులకు పెట్టుబడి. మిస్సోరీ రాష్ట్రంలో 2023లో ఒక భారతీయ విద్యార్థిని నెలల తరబడి నిర్బంధించి, కొట్టి, చాకిరీ చేయించుకున్నారని సొంత బంధువుతో పాటు మరికొందరిపై అభియోగాలు నమోదయ్యాయి. స్థానికుల్లో ఒకరు పోలీసులకు ఫోన్ చేయబట్టి ఆ సంగతి బయటపడింది. నేరానికి గురై దర్యాప్తుకు సహకరించేవారికి ‘యు’ వీసా పేరిట రక్షణ 2000 సంవత్సరం నుంచే అమెరికా చట్టంలో ఉంది. దానికి ఏళ్ల తరబడి నిరీక్షణ తప్పదన్నది నిజమే. అయినా బాధితుడికి చట్టం పూర్తిగా తలుపులు మూయలేదన్న సంగతి వెళ్ళేవారిలో ఎందరికి తెలుసు? ఇమిగ్రేషన్ అధికారులమంటూ ఫోన్ చేసి, వీసా రద్దు చేస్తామని బెదిరించి, గిఫ్ట్ కార్డుల రూపంలో డబ్బు గుంజే ముఠాలు బతుకుతున్నదీ ఈ భయం మీదనే. ఏ ప్రభుత్వ అధికారీ జరిమానాను గిఫ్ట్ కార్డుల్లో కట్టమని అడగడు.

దళారుల విషయంలో అనుభవాలు కొత్తవి కావు. కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం బోగస్‌దని 2011లో బయటపడినప్పుడు మన విద్యార్థుల కాళ్లకు నిఘా పరికరాలు తగిలించిన దృశ్యం దేశాన్ని కలచివేసింది. ఎనిమిదేళ్లు తిరిగేసరికి, 2019 జనవరిలో, మిచిగన్‌లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమనే పేరుతో అమెరికా అధికారులే పన్నిన వలలో 129 మంది భారతీయులు నిర్బంధం పాలయ్యారు. వారిని అక్కడ చేర్పించినందుకు కేసులు ఎదుర్కొన్న ఎనిమిది మందిలో అత్యధికులు తెలుగువారే. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. ఫీజు చేతిలో పడేదాకా ఇంటికి వచ్చి మాట్లాడిన ఏజెంటు, ఆపద వేళ ఫోను కూడా ఎత్తడు. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్లకు 1983 నాటి వలసల చట్టం రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసింది. విద్యార్థులను పంపేవారు దాని పరిధిలోకి రారు. గల్ఫ్‌కు కూలీని పంపేవాడికి ఉన్న జవాబుదారీతనం లక్షల రూపాయల అప్పుతో విద్యార్థిని పంపేవాడికి లేకపోవడం పాలనలోని లోపం. పంజాబ్ 2012లోనే ట్రావెల్ ఏజెంట్లకు, కన్సల్టెన్సీలకు లైసెన్సు విధిస్తూ చట్టం చేసుకుంది.

రోడ్డు, నీరు అనే రెండు ప్రమాదాల గురించి జరుగుతున్న చర్చ మరీ తక్కువ. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం వద్ద ఇద్దరు, మే నెలలో అరిజోనాలోని ఫాసిల్ క్రీక్‌లో మరో ఇద్దరు తెలుగువారు మునిగిపోయారు. జూన్‌లో రష్యాలోని వోల్ఖోవ్ నది నలుగురు భారతీయ వైద్య విద్యార్థులను పొట్టన పెట్టుకుంది. మన కాలువల్లో, చెరువుల్లో ఈత నేర్చినవారికి చలిదేశపు నీరు ఏం చేస్తుందో తెలియదు. ఒడ్డున ఎండ కాస్తున్నా నదిలో పారేది కరిగిన మంచు కావచ్చు. అందులో పడిన తొలి నిమిషంలో ఊపిరి దానంతటదే ఎగబీల్చుకుపోతుంది. తల నీటిలో ఉంటే నీరే ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. పది నిమిషాలు గడిచేసరికి కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పుతాయి. గజ ఈతగాడికైనా ఇంతే. అలా పడ్డవారు చేయవలసింది వెల్లకిలా తేలుతూ ఊపిరి కుదుటపడేదాకా ఆగడం. ఒడ్డున ఉన్నవారు నీళ్లలో దూకకుండా తాడో కర్రో అందించాలి. రోడ్డు సంగతీ ఇలాంటిదే. అమెరికాలో కొత్తగా లైసెన్సు తీసుకొని, రోడ్డుకు కుడివైపు నడపడానికి ఇంకా అలవాటు పడకుండానే, వారాంతపు విహారానికి రాత్రంతా పాత కారులో సాగే ప్రయాణాలు ఎన్నో ఇళ్లలో చీకటి నింపాయి.

మనసుకు తగిలే దెబ్బ కూడా చిన్నది కాదు. ఉద్యోగం రాలేదని, సబ్జెక్టు తప్పామని ఇంటికి చెప్పుకోలేక నలిగిపోతున్నవారికి క్యాంపస్ కౌన్సెలింగ్ కేంద్రం ఉందని, అమెరికాలో 988 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చని తెలియాలి. అంతకంటే ముందు, వెనక్కి వచ్చేయాలనిపిస్తే రమ్మని తల్లిదండ్రులు పంపేరోజే చెప్పాలి.

విరాళాల మీద భౌతికకాయాలు రావలసిన దుస్థితికి కారణం బీమా లేకపోవడం. అమెరికాకు మార్పిడి కార్యక్రమాల కింద జె-1 వీసాపై వెళ్ళేవారికి భౌతికకాయం తరలింపునకు 25,000 డాలర్లు, వైద్య అత్యవసర తరలింపునకు 50,000 డాలర్ల బీమా చట్టప్రకారం తప్పనిసరి. మనవారిలో అధికులు వెళ్ళే ఎఫ్-1కు అమెరికా ఫెడరల్ ప్రభుత్వ స్థాయిలో అటువంటి నిబంధన లేదు. అది విశ్వవిద్యాలయాల ఇష్టాయిష్టాలకు వదిలేసిన వ్యవహారం. లక్షల రూపాయల విద్యారుణం మంజూరు చేసే బ్యాంకు, విద్యార్థికి ఈ రెండు అంశాలతో కూడిన బీమాను రుణ షరతుగా పెట్టడానికి అడ్డంకి ఏముంది? అప్పు తీర్చవలసిన మనిషే లేకుండాపోయాక తాకట్టు పొలాన్ని వేలం వేయకుండా రుణ బీమా కూడా అందులోనే చేర్చవచ్చు.

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు కన్సల్టెన్సీలకు లైసెన్సు, డిపాజిట్, కమిషన్ వెల్లడి తప్పనిసరి చేస్తూ చట్టం తేవాలి. విద్యార్థి చేరే సంస్థ గుర్తింపును తనిఖీ చేశాకే ఫీజు తీసుకునేలా నిబంధన ఉండాలి. విదేశీ విద్యకు ప్రభుత్వాలు స్వయంగా నిధులిస్తున్న పథకాల లబ్ధిదారులతోనే ప్రయాణానికి ముందు శిక్షణను ఆరంభించవచ్చు. స్థానిక చట్టం, పని నిబంధనలు, అత్యవసర నంబర్లు, రోడ్డు, నీటి భద్రత అందులో ఉంటే చాలు. విద్యార్థి చిరునామా, ఫోను రాయబార యంత్రాంగం వద్ద నమోదు కావడం ఐచ్ఛికంగా మిగలరాదు. ప్రతి జిల్లా కేంద్రంలో, విదేశాల్లోని బిడ్డకు ఆపద వచ్చిందని తెలిసిన రాత్రి తల్లిదండ్రులు ఎవరికి ఫోన్ చేయాలో తేల్చిచెప్పే అధికారి ఒకరు ఉండాలి. ప్రవాస సంఘాలు ఏటా జరిపే వేడుకల్లో కొంత శ్రద్ధను కొత్తగా దిగిన విద్యార్థుల బసకు, తొలి నెలల మార్గదర్శనానికి మళ్లించాలి.

అమెరికా ఫాల్ సెమిస్టర్‌కు జులై నుంచే విమానాలు నిండుతాయి. చట్టం చేయడానికి వ్యవధి పట్టవచ్చు. శిక్షణ తరగతులకు, బీమా షరతుకు, జిల్లా అధికారి నియామకానికి ఆ వ్యవధి అక్కరలేదు. ఈ మూడూ వచ్చే ఫాల్ ప్రవేశాల లోపే అమలులోకి రావాలి.