శాలువా వద్దు, ఒక ఆర్డర్ ఇవ్వండి

నంద్యాలలో అద్దె గదిలో ఉండి ఐబీపీఎస్‌కు చదువుతున్నవాళ్లు ఈ పేజీ పాఠకుల్లో చాలామందే ఉంటారు. ఒక్క ఐదు నిమిషాలు పుస్తకం మూసి చుట్టూ చూడండి. మీరు తినే మెస్, ఉండే హాస్టల్, నెలవారీగా కుర్చీ అద్దెకిచ్చే రీడింగ్ రూమ్, మాక్ టెస్టులు ప్రింట్ తీసే జిరాక్స్ షాపు... ఇవన్నీ ఇక్కడికెలా వచ్చాయి? ఇది రాజధాని కాదు. పెద్ద ఐటీ పార్కూ లేదు. బ్యాంకు కోచింగ్ మొదలైంది, ఉద్యోగాలు వచ్చాయి, ఆ మాట నోటా నోటా పాకింది. ఇతర జిల్లాల నుంచి పిల్లలు సంచులు పట్టుకుని బస్సు దిగారు. ఊరు వాళ్లకు మేడ మీద గది ఇచ్చింది, కూర వండి క్యారియర్ కట్టింది. దీన్నే ఇప్పుడు స్టేజీల మీద ‘ఎకోసిస్టమ్’ అంటున్నారు. నంద్యాల ఆ మాట నేర్చుకోకముందే దాన్ని కట్టుకుంది.

మరి అదే ఊళ్లో బీటెక్ పూర్తిచేసిన కుర్రాడో, డిగ్రీ అయిన అమ్మాయో సొంతంగా ఏదైనా మొదలుపెడితే ఏం జరుగుతోంది? కాలేజీ ఫంక్షన్‌కు పిలుస్తారు. శాలువా కప్పుతారు. ఫొటో వాట్సాప్ స్టేటస్‌లోకి ఎక్కుతుంది. మర్నాడు అదే మనిషి సరుకు పట్టుకుని అంగడికి పోతే మాత్రం, “మీది కొత్త గదప్పా, ఇంకో నాలుగు దినాలు పోనీ, సూద్దాం” అంటారు. ఆ నాలుగు దినాలు నాలుగు నెలలవుతాయి. చేతిలో ఉన్న డబ్బులు ఆలోపే అయిపోతాయి.

స్టార్టప్ అనగానే అందరూ ఫండింగ్ గురించి మాట్లాడతారు. నాకేమో మన ఊళ్లలో కరువు మొదటి కస్టమర్‌కే అనిపిస్తుంది. పెట్టుబడిదారుడు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో దొరకవచ్చు. నీ వస్తువు వాడి, బాగాలేకపోతే మొహం మీదే తిట్టి, బాగుంటే డబ్బులిచ్చే మొదటి పదిమంది మాత్రం ఊళ్లోనే దొరకాలి.

దీనికి ఉదాహరణ దూరాన వెతకనక్కర్లేదు. రాజకీయాలు పక్కన పెట్టి ఎస్.పి.వై. రెడ్డి సంగతి చూడండి. వరంగల్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివారు. బాబా అణు పరిశోధన కేంద్రంలో ఉద్యోగం చేసి, అది వదిలేసి వచ్చారు. మొదట ప్లాస్టిక్ డబ్బాల తయారీ, 1984 నాటికి నంది పైపులు. పైపులే ఎందుకు? చుట్టూ కాలువలు, బోర్లు, పొలాలు. కొనేవాడు ఫ్యాక్టరీ గేటు బయటే ఉన్నాడు. సైంటిస్టు ఉద్యోగం మానేసి ప్లాస్టిక్ డబ్బాలు చేస్తానంటే మీ ఇంట్లో ఏమంటారో ఊహించుకోండి. ఆ రోజుల్లో ఆయన్నూ అలా అన్నవాళ్లు ఉండే ఉంటారు.

ఇప్పుడు మీ చేతికి అందేవి ఏమున్నాయి? నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రాన్నే తీసుకోండి. ఎన్‌బీఈజీ-47 అనే శనగ రకం అక్కడి నుంచే వచ్చింది. మొక్క ఎత్తుగా, నిటారుగా పెరుగుతుంది కాబట్టి మిషన్‌తో కోయవచ్చు. కొర్రల్లో సూర్యనంది రకం కూడా అక్కడిదే. విత్తనం చేసినవాళ్లు చేశారు, పండించేవాళ్లు పండిస్తున్నారు. ఆ తర్వాతి మెట్లు, అంటే శుభ్రం చేయడం, గ్రేడింగ్, నిల్వ, ప్యాకింగ్, మంచి ధర వచ్చే చోటికి చేర్చడం... వీటిలో చదువుకున్న మనిషికి పని ఉంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఇంకో చాట్‌బాట్ చేసే ముందు ఒక రోజు పప్పు మిల్లులో నిలబడి చూడండి.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆళ్లగడ్డ. అక్కడి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, ఉంది. రోడ్డు పక్క షెడ్లలో నల్లరాతి నుంచి దేవుళ్లు బయటికి వస్తుంటారు. ఉలి పట్టడం మూడు నెలల కోర్సుతో వచ్చేది కాదు, దాని జోలికి పోకండి. కానీ ఉలికి చుట్టూ ఉన్న పని ఎంతో చూడండి. టన్ను బరువున్న విగ్రహం ముక్కు చెక్కు ఊడకుండా వందల కిలోమీటర్లు వెళ్లాలి: దానికి ప్యాకింగ్ కావాలి. విదేశంలో గుడి కట్టుకునేవాళ్లు అడిగితే కొలతలతో డ్రాయింగు, కొటేషన్, ఎగుమతి కాగితాలు కావాలి. జీఐ చట్టం కింద అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకుంటే ఆ గుర్తింపును వాడుకునే హక్కు శిల్పి పేరు మీదికే వస్తుంది. ఆ దరఖాస్తు నింపిపెట్టే మనిషి కావాలి. ఇక దుమ్ము. గ్రైండర్ మిషన్లు వచ్చాక పని వేగం పెరిగింది, దుమ్మూ పెరిగింది. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. నీళ్లు చల్లుతూ కోసే ఏర్పాటు, దుమ్మును లాగేసే చిన్న యంత్రం, మొహానికి సరిగ్గా అతుక్కునే మాస్కు... ఒక షెడ్డు యజమాని భరించగల ధరలో వీటిని చేసి చూపించే మెకానికల్ కుర్రాళ్లు నలుగురు ఉంటే చాలు. అది ఏ యాప్ కంటే తక్కువ స్టార్టప్? ఒక షెడ్డు వాళ్లు ‘మా దగ్గర పెట్టి చూడండి’ అంటే సగం పని అయినట్టే.

అందుకే వర్తక సంఘాల పెద్దలకు నా విన్నపం శాలువాల బడ్జెట్ గురించే. ఏడాదిలో ఊళ్లో పుట్టిన ఒక్క కొత్త సంస్థకు ఒక్క చిన్న ఆర్డర్ ఇవ్వండి. పదివేలదైనా సరే. వాడి చూడండి, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పండి. నచ్చితే టైముకు డబ్బులివ్వండి.

ఆ చివరి మాట దగ్గర ఆగాలి. మన బజార్లలో అరువు మామూలే. పాత వ్యాపారికి ఆరు నెలలు ఆగే శక్తి ఉంటుంది, కొత్తవాడికి ఉండదు. ఎంఎస్ఎంఈ చట్టం 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకో సేవో తీసుకుంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ. 2023-24 నుంచి ఆదాయపు పన్ను లెక్కల్లోనూ ఆ గడువు దాటిన బకాయిని, కట్టేదాకా, ఖర్చుగా చూపించుకోవడం కుదరదు. ఈ రక్షణ కావాలంటే మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆన్‌లైన్‌లో ఆధార్‌తో ఉచితంగా అవుతుంది. ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి. చట్టం చూపించి పాత కస్టమర్‌తో గొడవ పెట్టుకోమనడం లేదు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు, గడువు తేదీ అచ్చు వేయించండి. చాలాసార్లు ఆ అచ్చే పని చేస్తుంది.

వ్యాపారుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. వాళ్ల అనుమానం ఊరికే వచ్చింది కాదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెడతామని వచ్చిన కుర్రాడు ఆరు నెలలకు కంపెనీ ఉద్యోగం వచ్చిందని బెంగళూరు వెళ్లిపోతే, అంగడి లెక్కలన్నీ వాడి లాప్‌టాప్‌లో ఇరుక్కుంటే, ఆ షావుకారు రెండోవాణ్ని గడప దాటనిస్తాడా? మీరు వెళ్లిపోయే అవకాశం ఉంటే ముందే చెప్పండి. డేటా ఎవరిది, మధ్యలో ఆపితే ఎలా అప్పగిస్తారు అన్నది ఒక కాగితం మీద రాసివ్వండి. రెండు పేరాలు చాలు.

ప్రభుత్వ పథకాల మీద మరీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 2025లో మొదలైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ కేంద్రాల్లో మనకు దగ్గరిది అనంతపురం, ఒకసారి వెళ్లి రావచ్చు. పీఎంఈజీపీలో 15 నుంచి 35 శాతం దాకా సబ్సిడీ ఉంది. కానీ అది చేతికి నగదుగా రాదు, అప్పిచ్చిన బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది. ఈ సంగతి తెలియక సబ్సిడీ వస్తుంది కదా అని బయట వడ్డీకి తెచ్చేవాళ్లున్నారు. మొదటి ఆర్డర్ రాకముందు నాన్న పొలం కాగితాలు ముట్టుకోవద్దు.

‘నాకు ఇదంతా ఎందుకు, ఉద్యోగం కావాలి’ అంటారా? న్యాయమే. అందరూ ఫౌండర్లు కానక్కర్లేదు. బ్యాంకు పరీక్ష రాస్తూనే ఊళ్లో కొత్త సంస్థలో ఆరు నెలలు పని చేయండి. జీతం తక్కువే ఉంటుంది. కాకపోతే నెల నెలా ఇస్తారా, లెటర్ ఇస్తారా అని మొహమాటం లేకుండా ముందే అడగండి. జీఎస్టీ రిటర్న్, స్టాకు లెక్క, వసూళ్ల ఫోన్ కాల్ ఈ మూడూ చేతులారా చేసి ఉంటే, రేపు బ్యాంకు కౌంటర్‌లో కూర్చున్నా ఎదురుగా లోను అడిగే మనిషి సంగతి మీకు అర్థమవుతుంది.

ఇంకో చిన్న విషయం. అంగడికి వెళ్లేటప్పుడు పొద్దున బేరాల వేళ వెళ్లకండి, ఎవరూ తలెత్తి చూడరు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లండి. స్లైడ్లు వద్దు, శాంపిల్ పట్టుకెళ్లండి.