సగటు దాచిన బోరు



మా యర్రగొండపాలెము మొదలు మార్కాపురము, గిద్దలూరు వఱకు గల యీ మెట్టసీమలో ఇల్లాలు తెల్లవాఱగనే విచారించునది నీళ్ల సంగతి. వానలు తక్కువ, బోర్లు లోతు, పెక్కు గ్రామముల భూగర్భజలములో ఫ్లోరైడు మిక్కుటము. అట్టి నీటిని చిరకాలము త్రాగిన బిడ్డల పండ్లపై గారలు పడును. ఆ పాలు మఱింత హెచ్చినచో పెద్దల యెముకలును కీళ్లును బిగిసిపోవును. కాచిన మాత్రమున నీ దోషము పోదు. నీరు ఇగిరినకొలది దోషము చిక్కబడునే గాని తగ్గదు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దు విధించినది.

ఇట్టి చోట లెక్క యనునది పురుషుల చావడి ముచ్చట కాదు. మన బిందెలోని సంగతి. కావున నీ మాసము, పోగుచేసిన అంకెలను లెక్కించి బొమ్మలుగా గీచి చూపు వెలలేని సాధనములను గూర్చి వ్రాయ నెంచితిమి.

ఒక యూరిలో అయిదు బోర్లు కలవనుకొందము. పరీక్షలో వానికి వరుసగా 0.6, 0.7, 0.8, 0.9, 4.0 మిల్లీగ్రాములు వచ్చిన వనుకొందము. మొత్తము 7.0. అయిదింట భాగించిన సగటు 1.4. హద్దు లోపలనే యున్నది గదా యని కాగితము మడచి పెట్టవచ్చును. కాని అయిదవ బోరునొద్ద బిందె నింపుకొను ఇల్లాలు సగటును త్రాగుట లేదు, 4.0 త్రాగుచున్నది. ఆమె బిడ్డయు నదే త్రాగుచున్నాడు. సగటు అబద్ధ మాడలేదు, కాని ఆ వీధిని దాచినది. ఇవే అంకెలను చుక్కలుగా గీచి చూచినచో, నాలుగు చుక్కలు అడుగున గుమిగూడియుండ, అయిదవది మీద ఒంటరిగా నిలుచును. చదువురాని అవ్వ సైతము ఆ చుక్కను వ్రేలితో చూపగలదు.

అయిదు అంకెలకు పలక చాలును. మార్కాపురము గనుల పలకలు దేశమునం దెందఱో బిడ్డలచే ఒంట్లు దిద్దించినవి. మాది బడిపంతులుగారి యిల్లగుటచే పలక విలువ మే మెఱుగుదుము. కాని వందల గ్రామముల నీరు, పదేండ్ల వానలు లెక్కింపవలె నన్నచో కంప్యూటరు కావలయును. అట్టి పనికి పుట్టినది ‘ఆర్’ అను సాఫ్ట్‌వేరు. న్యూజీలాండులోని ఆక్లండు విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్ అను నిరువురు ఆచార్యులు 1990 దశకారంభమున దీనిని నిర్మించిరి. ఎవరైనను ఉచితముగా గైకొని, లోపలి వ్రాతను చదివి, దిద్ది, పదుగురికి పంచవచ్చునను షరతుతో 1995లో లోకమున కిచ్చిరి. వారి పేళ్ల మొదటి యక్షరమే దానికి పేరయ్యెను. ఇతరులు దానికి చేర్చిన ప్యాకేజీలు నేడు 20,000కు మించినవి. బొమ్మలు గీయుటకు హాడ్లీ విక్హమ్ 2007లో వెలువరించిన ‘జీజీప్లాట్2’ ప్రసిద్ధము. ఆజ్ఞలు టైపు చేయుట కష్టమని తోచువారికి ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయమువారి ‘జాస్ప్’ కలదు. అందు కావలసిన లెక్కను జాబితానుండి ఎంచుకొనిన చాలును. అదియు వెలలేనిదే.

వెల లేకుండుటకంటె దాపఱికము లేకుండుట వీని ముఖ్యగుణము. నలోపాఖ్యానమును చదివినవారికి ఋతుపర్ణుని సంగతి జ్ఞప్తియందుండును. తాండ్రచెట్టు కొమ్మలకు ఆకులెన్నియో కాయలెన్నియో ఆ రాజు చూచినంతనే చెప్పెను. నలుడు రాజు మాటయని తల యూపి యూరకుండలేదు. రథము నిలిపి, చెట్టును కూల్చి, లెక్కించి, సరియే యని తెలిసిన పిదపనే ఆ విద్యను గోరెను. ఋతుపర్ణుడును దానిని ధనమున కమ్మక అశ్వవిద్యకు మాఱుగా నొసగెను. లోపలి వ్రాతను మూసిపెట్టిన సాఫ్ట్‌వేరులో ఫలము మాత్రమే కనబడును. అది యెట్లు వచ్చెనో అమ్మినవానినే నమ్మవలెను. తెఱచి యుంచినదానిలో, తెలిసినవా రెవరైనను నలునివలె లెక్కించి చూచుకొనవచ్చును.

గణాంకశాస్త్రము తెలుగింటికి పరాయిది కాదు. కల్యంపూడి రాధాకృష్ణరావుగారు 1920లో, నేటి కర్ణాటకములోని హూవిన హడగలిలో, తెలుగు కుటుంబమున జన్మించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తాలోని భారత గణాంకసంస్థలో చేరి, 1945లో ప్రకటించిన వ్యాసముచే లోకప్రసిద్ధులైరి. అంచనాల ఖచ్చితత్వమునకు మేర యెంతవఱకో వారు చూపిన సూత్రమునకు నేటికిని క్రామర్-రావు హద్దని పేరు. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమానము నంది, ఆ యేడే ఆగస్టు 22న, నూటరెండేండ్లు నిండినవారై దివంగతులైరి. చిన్ననాట తల్లి లక్ష్మీకాంతమ్మగారు వేకువ 4 గంటలకు తన్ను లేపి, చదువుకొనుటకు నూనెదీపము వెలిగించెడివారని వారు తమ గ్రంథపు అంకితమున కృతజ్ఞతతో చెప్పుకొనిరి. బిడ్డలకు దీపము వెలిగించుటతో మన పని ముగియనక్కఱలేదు; ఆ వెలుగున మనమును కూర్చుండవచ్చును. శాన్‌ఫ్రాన్సిస్కోలో గాబ్రియేలా డి కెయిరోజ్ అను వనిత 2012లో ప్రారంభించిన ‘ఆర్-లేడీస్’ సంఘము పెక్కు దేశముల స్త్రీలను ఈ విద్యకై ఒకచోట చేర్చినది. మనదేశమున బొంబాయి ఐఐటీవారి ‘ఫాసీ’ పథకము ఇట్టి సాధనముల వాడుకను ప్రోత్సహించుచున్నది.

ఒక్క హెచ్చరిక. పుచ్చుగింజలు పోసిన తిరుగలి మంచిపిండి విసరదు. అంకెలు తప్పైనచో బొమ్మయు తప్పే యగును. కావున ముందు పట్టికను శుద్ధముగా వ్రాయుడు: బోరున్న వీధి, పరీక్ష జరిగిన తేదీ, వచ్చిన అంకె. మీ గ్రామపు నీటి పరీక్షల ఫలితములను గ్రామీణ నీటి సరఫరా శాఖవారి నడుగుడు. కాలేజీ చదువు చదువుచున్న కూతురో కోడలో ఇంట నున్నచో కంప్యూటరు ముందు ఆమె ప్రక్కన కూర్చుండుడు. సగటు నడుగుటకు ముందు ప్రతి బోరును ఒక చుక్కగా గీయింపుడు. ఏ వీధి చుక్క హద్దు దాటినదో చూచి, ఆ కాగితమును గ్రామసభలో నందఱి యెదుట నుంచుడు. ఆ వీధికి మంచినీరు వచ్చువఱకు దానిని మడచి పెట్టకుడు.

వచ్చు మాసము వానల లెక్కను గూర్చి ముచ్చటింతము.