బోల్టులు కలిస్తే సంబంధం కుదిరినట్టేనా?

పాత పికప్‌కి పవర్ స్టీరింగ్ వేయించాలని షెడ్డుకు పోతే ఒకటే మాట: "ఏ బాక్సయినా కూసుంటది, మేం కూసోబెడతం." ఈ మాటంటేనే నాకు మంట. పెళ్లి సంబంధానికి ఇంటిపేరు, గోత్రం, నక్షత్రం అన్నీ అడిగే మనం, పిల్లలు కూర్చునే బండికి బోల్టు రంధ్రాలు కలిస్తే చాలనుకోవాలా?

ఛాసిస్‌కి బిగియడం మొదటి మెట్టే. బాక్సు షాఫ్ట్ పళ్లు పిట్‌మన్ ఆర్మ్ పళ్లతో కలవాలి. ఆర్మ్ పొడవు, అది తిరిగే దిక్కు కలవాలి. దిక్కు మారితే కుడికి తిప్పినప్పుడు బండి ఎడమకు పోతుంది. పైన కాలమ్ జాయింట్ కలవాలి. పంపు ఇచ్చే ఆయిల్ ఒత్తిడి ఆ బాక్సుకు తగినదై ఉండాలి. కలవని చోట వెల్డింగ్ పెడతామంటే అసలే ఒప్పుకోవద్దు. నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ మలుపుల్లో, పత్తి లోడు మీదున్నప్పుడు ఆ అతుకు విరిగితే స్టీరింగ్ ఉత్త చక్రమే.

"ఆడోళ్లకు ఈ గేర్‌బాక్సుల గోలెందుకు?" అంటారు. చిట్టీ ఎత్తి పైసలు తెచ్చేటప్పుడు గుర్తొచ్చే ఆడోళ్లు, సామాను ఎంచేటప్పుడు అడ్డమా?

అక్కలారా, బండి మోడల్, సంవత్సరం, ఛాసిస్ నంబరు కాగితం మీద రాసివ్వండి. మన మోడల్‌లోనే కంపెనీ పవర్ స్టీరింగ్‌తో వదిలిన బండి ఉంటే, దాని బాక్సు, పంపు, గొట్టాలు, ఆర్మ్ మొత్తం సెట్టుగా వెతికించండి. ఆర్మ్‌ను షాఫ్ట్‌కి తొడిగి చూపించినంకనే పైసలు తియ్యండి. సెట్టు ధర ఎక్కువే. అయినా ఆ ఖర్చు ఒక్కసారిదే, ఘాట్ రోడ్డు మాత్రం రోజూ ఉంటుంది.